పూలకూజాలో కూరాకు: ఇంగ్లండు పుష్పాలంకరణలో ఆకుపచ్చ చరిత్ర

ఆకుపచ్చ పూలను, ఆకులను, కూరగాయలను ఒకచోట చేర్చి, మరే రంగుకూ చోటివ్వకుండా వసంతకాలంలో కూర్చే పూల అమరిక ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లండులో స్థిరపడిన కళారూపం. పైకి ఇది అభిరుచికి మాత్రమే సంబంధించిన సంగతిగా తోచినప్పటికీ, దీని వెనుక రెండు పాత కట్టుబాట్లు సడలిన చరిత్ర ఉంది. ఆకుపచ్చ అన్నది పువ్వును ఎత్తిచూపే నేపథ్యమే తప్ప తనంత తానుగా చూడదగిన రంగు కాదన్నది మొదటిది. వంటింటికి వెళ్లవలసిన మొక్కకు అతిథులు కూర్చునే గదిలో చోటు లేదన్నది రెండవది. వృక్షశాస్త్రంలో ఈ రెండింటికీ ఆధారం లేదు. తోటల నిర్మాణం, అంగళ్ల ఏర్పాటు, పనివాళ్ల విభజన, యజమానుల హోదా కలిసి వీటిని నిలబెట్టాయి. అవి మారిన కొద్దీ ఇవీ మారాయి.

ఐరోపా అలంకరణ సంప్రదాయంలో పూలూ కూరగాయలూ మొదటినుంచీ విడివిడిగా లేవు. ప్రాచీన రోమనులు పండుగనాడు గుమ్మాలకూ బలిపీఠాలకూ కట్టిన తోరణాలలో ఆకులు, పూలు, పళ్లు కలగలిసి ఉండేవి; ఆ తోరణాల శిల్పరూపాలు తరువాతి కళాకారులకు ఒరవడి అయ్యాయి. రోములో అగొస్తీనో కీజీ అనే సంపన్న వర్తకుడి భవనంలో, ఈనాడు విల్లా ఫార్నెసీనాగా పిలిచే కట్టడంలో, రఫాయేల్ బృందం 1517-18 ప్రాంతంలో చిత్రించిన మండపపు కప్పు ఇందుకు గొప్ప ఉదాహరణ. ఆ కప్పు మీది తోరణాలను గీసిన జొవాన్నీ దా ఊదినే పూలూ పళ్లతోపాటు సొరజాతి కాయలనూ వంకాయలనూ, అప్పటికి అమెరికా ఖండం నుంచి కొత్తగా వచ్చిన మొక్కజొన్న కంకులనూ చిత్రించాడు. వృక్షశాస్త్రజ్ఞులు అందులో 160కి పైగా జాతులను గుర్తించారు. ఆ చిత్రకారుడి దృష్టిలో గులాబీకి ఎంత గౌరవమో గుమ్మడికీ అంతే గౌరవం దక్కింది.

లండన్ వ్యాపారంలోనూ ఈ కలయిక చాలాకాలం సాగింది. 1670లో రెండవ చార్లెస్ రాజు బెడ్‌ఫర్డ్ ప్రభువుకు కోవెంట్ గార్డెన్ స్థలంలో అంగడి నడుపుకొనే హక్కునిస్తూ జారీచేసిన శాసనంలో పళ్లు, పూలు, దుంపలు, మూలికలు అన్నీ ఒకే అనుమతి కింద ఉన్నాయి. ఆ అంగడి పెరిగి, 1830లో చార్లెస్ ఫౌలర్ రూపొందించిన కొత్త కట్టడంలోకి మారి, దేశంలోకెల్లా పెద్ద కూరగాయల, పూల బజారుగా ఎదిగింది. అయితే పూల వ్యాపారం విస్తరించడంతో 1870ల ఆరంభంలో దానికోసం ప్రత్యేకంగా ఇనుము, గాజులతో మరో భవనాన్ని నిర్మించారు. ప్రస్తుతం లండన్ రవాణా మ్యూజియం ఉన్నది ఆ భవనంలోనే. ఒకే రైతుబండిలో, ఒకే తెల్లవారుజామున వచ్చే సరకు రెండు కప్పుల కిందికి చీలిపోయింది. ఆ తరువాత పూల వర్తకుడు ఒక చోటికీ, కూరగాయల వర్తకుడు మరొక చోటికీ వెళ్లి కొనుగోలు చేయడం అలవాటైంది.

ఇదే చీలిక సంపన్నుల ఎస్టేట్లలోనూ కనిపిస్తుంది. ఎత్తైన ఇటుక గోడల నడుమ, భవనానికి దూరంగా, అతిథుల కంట పడకుండా ఉండే కూరతోట పద్ధతి పద్దెనిమిదో శతాబ్దం నాటికే స్థిరపడింది. ఇంటి అలంకరణకు కోసే పూలను కూడా తరచుగా ఆ గోడల లోపలే క్యాబేజీ మళ్ల అంచుల వెంట పెంచేవారన్నది ఇక్కడ గమనించదగిన విషయం. 1845లో గాజు మీద సుంకం రద్దు కావడంతో గాజు ఇళ్లు చవకబడి, ఉష్ణమండలపు రంగురంగుల పూలను చలిదేశంలో పెంచడం సాధ్యమైంది. తోటలో పక్కపక్కనే పెరిగిన మొక్కలలో ఒకటి వెనుక గుమ్మం గుండా వంటమనిషి చేతికి, మరొకటి బల్ల అలంకరణ బాధ్యత చూసే తోటమాలి చేతుల మీదుగా భోజనశాలకు చేరేది. మొక్క ఏ గుమ్మం గుండా ఇంట్లోకి వస్తుందన్నదే దాని హోదాను తేల్చింది.

విక్టోరియా రాణి పాలనాకాలపు పూల కూర్పులో ఆకుపచ్చకు సేవకుడి పాత్ర మాత్రమే దక్కింది. కార్నేషన్లనూ గులాబీలనూ తీగలతో బిగించి గుండ్రంగా, దట్టంగా కట్టిన గుత్తుల చుట్టూ సన్నని ఫెర్న్ ఆకులను అంచుగా చేర్చేవారు. పంతొమ్మిదో శతాబ్దపు చివరి దశకాలలో దక్షిణాఫ్రికా నుంచి వచ్చిన ‘ఆస్పరాగస్ ఫెర్న్’ ఈ పనికి అంతటా వాడుకలోకి వచ్చింది. పేరులో ఫెర్న్ ఉన్నా ఇది ఫెర్న్ కాదు. తెలుగునాట పిల్లితేగలుగా పిలిచే శతావరి ప్రజాతికే, ఇంగ్లండులో వసంతకాలపు మేలైన కూరగా తినే ఆస్పరాగస్ ప్రజాతికే చెందిన మొక్క. ముందుగది నుంచి కూరను దూరంగా ఉంచామనుకున్న అలంకర్తలు ఆ కూర దాయాదినే ప్రతి గుత్తిలోనూ పెట్టుకున్నారు.

మార్పుకు తొలి సూచనలు తోటల నుంచి వచ్చాయి. 1870లో ‘ద వైల్డ్ గార్డెన్’ ప్రచురించిన విలియం రాబిన్‌సన్, ఏటా గాజు ఇళ్లలో పెంచి మళ్లలో నాటే రంగుల పరుపులను తిరస్కరించి, తమంత తాముగా పెరిగే గట్టి మొక్కలను సమర్థించాడు. అతని సహచరురాలు గెర్ట్రూడ్ జీకిల్ 1907లో ఇంటి పుష్పాలంకరణ మీద రాసిన పుస్తకంలో అడవి ఆకులకూ కొమ్మలకూ తగిన స్థానం ఇవ్వడమే కాక, ఎక్కువ నీరు పట్టే సాదా గాజు కూజాలను కూడా రూపొందించింది. టోక్యోలో పనిచేసిన వాస్తుశిల్పి జొసయా కాండర్ 1891లో జపాను పుష్పకళను ఆంగ్ల పాఠకులకు పరిచయం చేశాడు. కొమ్మ వంపుకూ ఆకు నిలకడకూ పువ్వుతో సమానమైన విలువ ఉంటుందని ఆ గ్రంథం వల్ల తెలిసివచ్చింది. ఇంత జరిగినా వీరి కూర్పులలో అడవి మొక్కకు ప్రవేశం లభించింది కానీ, కూరతోట మొక్క ఇంకా గోడ అవతలే ఉండిపోయింది.

కూరగాయను అలంకరణ వస్తువుగా గౌరవించిన చోటు ఒకటి లేకపోలేదు, అది చర్చి. కార్న్‌వాల్ ప్రాంతంలోని మార్వెన్‌స్టో గ్రామంలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే మతగురువు 1843లో పంటకోతల కృతజ్ఞతా ప్రార్థనను కొత్త రూపంలో ప్రవేశపెట్టిన తరువాత, శరదృతువులో చర్చి కిటికీలనూ వేదికలనూ క్యాబేజీలు, గుమ్మడికాయలు, ధాన్యపు పనలు, డాలియా పూలతో నింపడం దేశమంతటా ఆచారమైంది. తెలుగు పాఠకులకు ఇది పరిచితమైన భావనే. విజయవాడ ఇంద్రకీలాద్రి మీద ఆషాఢమాసంలో జరిగే శాకంబరీ ఉత్సవాలలో కనకదుర్గమ్మ ఆలయాన్ని కాయగూరలతో, ఆకుకూరలతో అలంకరిస్తారు; అనావృష్టి వేళ తన దేహం నుంచి పుట్టిన శాకాలతో లోకాన్ని పోషించిన దేవిగా శాకంబరిని దేవీమాహాత్మ్యం వర్ణిస్తుంది. రెండు చోట్లా కూరగాయ అలంకారమైనా ఆహారంగానే మిగిలింది. అక్కడ ఉత్సవానంతరం పేదలకు పంచిపెట్టేవారు, ఇక్కడ కదంబ ప్రసాదంగా వండుతారు. భక్తితో నిమిత్తం లేకుండా, కేవలం ఆకారం కోసం, రంగు కోసం కూరగాయను చూడడం ఆ తరువాతి అడుగు.

ఆ అడుగు వేసిన వ్యక్తి కాన్‌స్టన్స్ స్ప్రై. 1886లో డెర్బీ పట్టణంలో పుట్టి, ఐర్లండులో పెరిగిన ఆమె పూల వర్తక కుటుంబం నుంచి రాలేదు. డబ్లిన్‌లో ఆరోగ్యశాస్త్రం చదివి, పల్లెల్లో పారిశుద్ధ్యం, రోగుల పరిచర్య గురించి ఉపన్యాసాలు ఇచ్చి, మొదటి ప్రపంచయుద్ధ కాలంలో కర్మాగార స్త్రీల సంక్షేమ వ్యవహారాలు చూసి, 1921లో లండన్ తూర్పు భాగంలోని హోమర్‌టన్, సౌత్ హాక్నీ పగటి కొనసాగింపు పాఠశాలకు ప్రధానోపాధ్యాయిని అయింది. పద్నాలుగేళ్లకే బడి మాని పనిలో చేరిన పిల్లలు వారంలో కొన్ని గంటలు చదువుకోవడానికి 1918 విద్యాచట్టం కింద ఏర్పడిన బడులివి. ఆ పేటల బాలికలకు వంట, కుట్టుపనితోపాటు పూల అమరిక కూడా ఆమె నేర్పింది. ఖరీదైన పూలు కొనలేని ఇళ్లలో కంచె పక్కన దొరికే కొమ్మా, పెరటిలో మిగిలిన ఆకూ అలంకారానికి పనికిరావాలన్న ఆలోచనకు ఈ అనుభవమే పునాది అని ఆమె తరువాతి పనిని బట్టి చెప్పవచ్చు.

1929 ప్రాంతంలో ఆమె లండన్ పిమ్లికో పేటలో పూల దుకాణం తెరిచింది. ఓల్డ్ బాండ్ వీధిలోని అట్కిన్‌సన్స్ అత్తరు దుకాణం అద్దాల వెనుక ఆమె అమర్చిన కూర్పులు నగరంలో చర్చనీయాంశమయ్యాయి. గాజు ఇంటి కార్నేషన్లు, ఫెర్న్ అంచులు ఎదురుచూసే వీధిలో కంచెల వెంట మొలిచే అడవి తీగలు, గడ్డిపూలు, గింజకట్టిన కాడలు కనిపించడమే ఆ సంచలనానికి కారణం. 1934లో దుకాణం మేఫెయిర్‌లోని సౌత్ ఆడ్లీ వీధికి మారింది. అదే ఏడు ఆమె మొదటి పుస్తకం ‘ఫ్లవర్ డెకరేషన్’ వెలువడింది, పూల పాఠశాల కూడా మొదలైంది. గులాబీల పక్కన కేల్ ఆకులు, అంటే గుండు కట్టకుండా విప్పారి ఉండే క్యాబేజీ జాతి ఆకులు, ఆమె కూర్పులకు గుర్తుగా మారాయి. పాత్రల విషయంలోనూ ఆమె వంటింటి వైపే మళ్లింది. గ్రేవీ గిన్నెలు, సూపు పాత్రల మూతలు, రొట్టెలు కాల్చే పళ్లేలు, చివరకు పక్షుల పంజరాలు కూడా పూలకూజాలయ్యాయి.

ఇక్కడ ఒక వైరుధ్యం గమనించాలి. హాక్నీ బాలికలకు చవకగా అందిన ఈ కూరాకు సౌందర్యం లండన్‌లో అత్యంత సంపన్నుల ఇళ్లలో ఫ్యాషన్ అయింది. ఇంటీరియర్ అలంకర్త సిరీ మామ్ 1920ల చివర గోడల నుంచి తివాచీల వరకు అన్నీ తెల్లగా తీర్చిదిద్దిన గది ప్రసిద్ధమైన తరువాత, అలాంటి గదులకు స్ప్రై పూర్తిగా తెల్లపూల కూర్పులను సమకూర్చింది. చిత్రకళలో పేరొందిన గ్లక్ గీసిన తైలవర్ణ చిత్రాలలో వాటి రూపం ఈనాటికీ చూడవచ్చు. ఒకే రంగు కూర్పు అనే ఈ నియమం ఆకుపచ్చ చరిత్రలో కీలకమైనది. రంగుల పోటీ తొలగిపోయాక ఆకారం, ఉపరితలం, కాంతిలో తేడా మాత్రమే కంటికి మిగులుతాయి. తెలుపులో ఆ తేడాలు పరిమితం. ఆకుపచ్చలో పసుపు వైపు మొగ్గే లేతదనం నుంచి నీలిబూడిద వైపు మొగ్గే ముదురుదనం వరకు ఎన్నో మెట్లు ఉన్నాయి. అందువల్ల తెల్ల గది ఫ్యాషన్ అంతరించినా, అది నేర్పిన ఏకవర్ణ కూర్పు ఆకుపచ్చలో కొనసాగింది.

ఇంగ్లండు వసంతం ఈ పనికి ప్రత్యేకంగా అనుకూలించింది. సాధారణంగా మొగ్గ దశలో ఉండే పత్రహరితం రేకులు విచ్చుకునే కొద్దీ క్షీణించి ఇతర రంగులు బయటపడతాయి. ఆకుపచ్చ పువ్వులో ఆ క్షీణత జరగదు, లేదా అక్కడ రేకులుగా కనిపించేవి అసలు రేకులే కావు. చలికాలం చివర పూసే హెల్లెబోర్ పువ్వులో ఆకుపచ్చగా విచ్చుకునేవి మొగ్గను కాపాడే రక్షకపత్రాలు, అందుకే అవి రాలకుండా వారాల తరబడి నిలుస్తాయి. ఆకుజెముడు ప్రజాతికే చెందిన తోట యూఫోర్బియాలలో పసుపుపచ్చగా మెరిసేవి పూల కింది పుచ్ఛాలు, అంటే పూలను అంటిపెట్టుకుని ఉండే చిన్న ఆకులు. వైబర్నం పొద ఉండల్లాంటి గుత్తులు తెల్లబడకముందు కొద్దిరోజులు లేత ఆకుపచ్చగా ఉంటాయి. రేకు మధ్యన ఆకుపచ్చ చార ఉండే ట్యులిప్ తరగతిలో ‘గ్రోన్‌లాండ్’ 1955లో, ‘స్ప్రింగ్ గ్రీన్’ 1969లో వచ్చాయి. లిండెన్ చెట్టు కొమ్మల నుంచి ఆకులన్నీ ఒలిచివేసి, లేతపచ్చని పుచ్ఛాలనూ మొగ్గలనూ మాత్రమే మిగిల్చే పద్ధతిని స్ప్రై బృందం వ్యాప్తిలోకి తెచ్చింది.

కూరగాయల వైపు చూస్తే, వాటిలో కొన్ని నిజానికి విచ్చుకోని పూలే. బ్రోకలీ, కాలీఫ్లవర్ మొగ్గ దశలో కోసిన పుష్పవిన్యాసాలు. పొలుసుల్లాంటి పుచ్ఛాలు ఒకదానిమీద ఒకటి కప్పుకున్న ఆర్టిచోక్ కోయకుండా వదిలితే ఊదారంగులో పూసే మొగ్గ. ఆస్పరాగస్ ఇంకా కొమ్మలు వేయని లేత కాండం. కూర్పులో వీటి పని బరువును, పునాదిని ఇవ్వడం. వెడల్పాటి పాత్రలో కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలను నలిపి కుదించి పెట్టి, నీలిబూడిద రంగు కేల్ ఆకులను పాత్ర అంచు మీదుగా వాలేలా గుచ్చితే వల కనిపించకుండా పోతుంది. మధ్యలో కిందుగా ఆర్టిచోక్‌లను ఉంచి, వాటి నడుమ నుంచి లిండెన్ కొమ్మలు పైకి లేచేలా నిలిపి, హెల్లెబోర్, యూఫోర్బియాలను ఆ రెండింటి మధ్య ఖాళీలలో చేర్చుతారు. దీనికి ముందు కేల్ ఆకులను కొన్ని గంటలు పూర్తిగా నీటిలో ముంచి ఉంచాలి. యూఫోర్బియా కాడ కొనలను మరిగే నీటిలో క్షణకాలం ముంచి, చర్మాన్ని మండించే దాని పాలు కారకుండా ఆపాలి. నీటిలో మునిగే భాగంలో క్యాబేజీ జాతి ఆకులు ఏవీ మిగలకుండా చూడాలి, లేకపోతే వాటిలోని గంధక సమ్మేళనాల వల్ల నీరు త్వరగా దుర్వాసన వేస్తుంది.

పూలతో కూరగాయలను కలిపితే పూలు త్వరగా వాడిపోతాయన్న పాత అనుమానానికి శాస్త్రం ఈ కాలంలోనే సమాధానం చెప్పింది. దీపాలకు వాడే బొగ్గు వాయువు మొక్కలను దెబ్బతీయడానికి అందులోని ఇథిలీన్ కారణమని 1901లో రష్యాలో నెల్యుబోవ్ నిరూపించాడు. షికాగో గాజు ఇళ్లలో కార్నేషన్లు విచ్చుకున్నాక మళ్లీ ముడుచుకుపోవడానికీ అదే వాయువు కారణమని 1908లో క్రాకర్, నైట్ తేల్చారు. మాగుతున్న ఆపిల్ తానే ఇథిలీన్‌ను విడుదల చేస్తుందని 1934లో ఇంగ్లండులో రిచర్డ్ గేన్ రుజువు చేశాడు. దీనిని బట్టి చూస్తే హాని మాగే పండు నుంచే తప్ప పచ్చి ఆకుకూర నుంచి అంతగా రాదు. పండిన టమాటాలూ ఆపిళ్లూ చేర్చే శరత్కాలపు కూర్పుల కంటే కేల్, ఆర్టిచోక్, ఆస్పరాగస్‌లతో చేసే వసంతపు ఆకుపచ్చ కూర్పులు ఎక్కువ రోజులు నిలవడానికి ఇదొక కారణం.

రెండవ ప్రపంచయుద్ధం పూలతోటకూ కూరతోటకూ మధ్య గోడను మరో విధంగా కూల్చింది. 1939లో మొదలైన ‘డిగ్ ఫర్ విక్టరీ’ ప్రచారంతో పచ్చిక మైదానాలు, పూలమళ్లు బంగాళాదుంప, ఉల్లి మళ్లుగా మారాయి. పూల రైతులు భూమిలో పెద్ద భాగాన్ని ఆహార పంటలకు ఇవ్వవలసి వచ్చింది. కొంతకాలం రైళ్లలో పూల రవాణా కూడా నిషిద్ధమైంది. స్ప్రై 1942లో ‘కమ్ ఇంటు ద గార్డెన్, కుక్’ అనే పుస్తకంతో కూరగాయల పెంపకాన్నీ వంటనూ ప్రోత్సహించింది. శాంతికాలంలో ఫ్యాషన్‌గా ప్రవేశించిన కూరాకు యుద్ధకాలపు ఇళ్లలో సులువుగా అందుబాటులో ఉన్న అలంకార వస్తువుగా నిలిచింది. యుద్ధానంతరం ఆమె రోజ్‌మరీ హ్యూమ్‌తో కలిసి వింక్‌ఫీల్డ్‌లో నడిపిన పాఠశాలలో పూల అమరిక, వంట ఒకే కప్పు కింద బోధనాంశాలయ్యాయి. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేకానికి పూల ఏర్పాట్లపై సలహాదారుగా పనిచేసిన ఆమె 1960 జనవరిలో మరణించింది.

ఆ తరువాతి కాలంలో ఈ కళను వృత్తి దుకాణాల కంటే ఎక్కువగా మధ్యతరగతి గృహిణులు నిలబెట్టారు. 1949లో డార్‌చెస్టర్‌లో మొదలైన పూల సంఘం ఒరవడిలో ఊరూరా సంఘాలు ఏర్పడి, 1959లో జాతీయ సమాఖ్యగా సంఘటితమయ్యాయి. రేషన్ కాలపు జ్ఞాపకం ఇంకా పచ్చిగా ఉన్న ఆ ఇళ్లలో కొనకుండా తోటలోంచి కోసుకొచ్చే ఆకుకు గౌరవం పెరగడం సహజమే. కొల్చెస్టర్ సంఘ వ్యవస్థాపక సభ్యులలో ఒకరైన బెత్ చాటో 1967లో నర్సరీ ప్రారంభించి, హెల్లెబోర్, యూఫోర్బియా వంటి ఆకుపచ్చ మొక్కలను విరివిగా అమ్మింది. ఆమె తొలి ప్రదర్శనలలో ఒకదానిని కలుపుమొక్కల కుప్పగా భావించి ఒక న్యాయనిర్ణేత అనర్హం చేయబోయాడన్న మాట ఉద్యాన రచనల్లో తరచుగా కనిపిస్తుంది. 1977తో మొదలుకొని చెల్సీ పూల ప్రదర్శనలో ఆమెకు పది బంగారు పతకాలు దక్కాయి.

ఈ కాలంలోనే సాంకేతికంగా వచ్చిన పెద్ద మార్పు 1954లో అమెరికాలో వెర్నన్ స్మిదర్స్ తయారుచేసిన పూల ఫోమ్. నీటిని పీల్చుకుని, గుచ్చిన కాడను గుచ్చిన కోణంలోనే పట్టి ఉంచే ఈ ఫినాల్ ఫార్మాల్డిహైడ్ దిమ్మె వల్ల బరువైన ఆర్టిచోక్‌ను కూడా ఏ వాలులోనైనా నిలపడం సులువైంది. కానీ అది మట్టిలో కలవదు, చిన్న ప్లాస్టిక్ రేణువులుగా విడిపోయి నీటిలో చేరుతుంది. ఈ కారణంగా బ్రిటన్ రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2021 నుంచి తన ప్రదర్శనలలో దానిని నిషేధించింది. ఫలితంగా స్ప్రై కాలపు ఇనుప వల, లోతైన పాత్ర మళ్లీ వాడుకలోకి వచ్చాయి.

ఈ చరిత్ర తాజా మలుపును కేల్ మొక్కలోనే చూడవచ్చు. జపాను విత్తన సంస్థలు పొడవైన నిటారు కాడతో, కొనలో మాత్రమే ఆకులు గుండ్రంగా విప్పారేలా అలంకార కేల్ రకాలను రూపొందించాయి. తకీయి సంస్థ ‘క్రేన్’ వరుస వీటిలో ప్రసిద్ధమైనది. వీటిని కూరగా పెంచరు, కూరల బజారుకు పంపరు. దగ్గరదగ్గరగా నాటి, కింది ఆకులు తీసివేస్తూ, కోతపూలుగా పూల బజారులోనే అమ్ముతారు. పూలకూజాలోకి కూరాకును తెచ్చిన తరం ఉద్దేశం రెండు తోటల మధ్య గోడను తీసివేయడం కాగా, వ్యాపారం మాత్రం ఆ కూరాకునే పువ్వుల జాబితాలో చేర్చుకుని గోడను యథాతథంగా నిలుపుకుంది. అలంకారానికే పుట్టిన కేల్‌కూ, వంటింటి బుట్టలోంచి తీసిన కేల్‌కూ రూపంలో పోలిక ఎంత ఉన్నా, హాక్నీ బాలికలకు స్ప్రై నేర్పిన విద్య రెండవదానితోనే సాధ్యమవుతుంది. దానిని కొనడానికి పూల దుకాణానికి వెళ్లనక్కరలేదు.